సిట్టింగ్‌కు మూడొందలు

డాక్టరు ఆపరేషన్ చేస్తాడు. ఆ మనిషిని మళ్లీ నడిపించేది ఇంకొకరు. రక్తం తీసి పరీక్ష చేసేది, ఎక్స్‌రే తీసేది, డయాలసిస్ మిషను పక్కన నాలుగేసి గంటలు కాపలా కాసేది ఇంకొకరు. వైద్యంలో సగం బరువు మోస్తున్న వీళ్లకు నెలాఖరుకు ఏం మిగులుతోంది? సొంతంగా క్లినిక్ తెరిచినవాళ్లు ఎలా నెట్టుకొస్తున్నారు? ఆ జమాఖర్చులే ఈ వారం ముఖచిత్ర కథనం.

సాయంత్రం ఆరు దాటింది. విజయవాడ సూర్యారావుపేటలో ఓ సందు. మందుల షాపు పక్క మెట్లెక్కితే మొదటి అంతస్తులో ఒక గది, మధ్యలో ఆకుపచ్చ తెరలు. తెరల వెనక మూడు బల్లలు. ఒకదాని మీద నడుముకు ట్రాక్షన్ బెల్టు కట్టించుకుని పడుకున్న ఆటో డ్రైవరు. రెండోదాని మీద భుజం పట్టేసిన టీచరు గారు. మూడోదాని మీద మా అమ్మ. మోకీలు మార్పిడి జరిగి నెల దాటింది.

“ఇంకొంచెం మడవండమ్మా. ఊపిరి బిగబట్టొద్దు. ఆఁ, అంతే.”

ఫిజియోథెరపిస్టు అమ్మాయి ఎడమ చేయి అమ్మ మడమ కింద, కుడి చేయి మోకాలి మీద. అమ్మ పళ్లు బిగించింది. ఆమె ఆపలేదు, అలాగని తోసెయ్యనూ లేదు. కాలు ఎక్కడ మొరాయిస్తుందో అక్కడ ఆగి, పది లెక్కపెట్టి, మళ్లీ ఒక అంగుళం. తర్వాత గోనియోమీటరు పెట్టి కోణం కొలిచింది. తొంభై రెండు. పోయిన వారం ఎనభై నాలుగు. ఎనిమిది డిగ్రీలంటే మనకేం తెలియదు గానీ, కుర్చీలోంచి ఎవరి చేయీ పట్టుకోకుండా లేవగలగడానికి, లేవలేకపోవడానికి తేడా అక్కడే ఉంటుంది.

అమ్మ పర్సులోంచి మూడొందలు తీసి ఇచ్చింది. ఇస్తూ, “రోజూ మూడొందలంటే ఎక్కువే డాక్టరమ్మా, నెలకు మాట్లాడుకుందాం” అంది. ఆ అమ్మాయి నవ్వి, “మీ ఇష్టం అమ్మా” అంది. అప్పుడు నేనూ అమ్మ పక్షమే. ఆ తర్వాత కొన్నాళ్లకు, రోగులందరూ వెళ్లిపోయాక ఆమె తన లెక్కల పుస్తకం నా ముందు పెట్టింది. ఆ పుస్తకం చూశాక ఆ బేరం తలచుకుంటే ఇప్పటికీ మనసుకు కష్టంగానే ఉంటుంది.

లక్షలో మిగిలేది పాతిక వేలు

ఆమె పుస్తకంలోని అంకెలు అలాగే అచ్చువేయడం ధర్మం కాదు. అదే తీరులో ఒక లెక్క వేసుకుందాం. జిల్లా కేంద్రంలో ఒక చిన్న ఫిజియోథెరపీ క్లినిక్. సిట్టింగ్‌కు మూడొందలు. రోజుకు పద్నాలుగు మంది. ఆదివారం సెలవు, నెలకు ఇరవై ఆరు పనిదినాలు. వచ్చేది 1,09,200 రూపాయలు. బయటినుంచి చూసేవాళ్లకు కనబడేది ఈ అంకె ఒక్కటే. “ఆవిడకేం, నెలకు లక్ష” అనేస్తారు.

ఇప్పుడు పోయేది చూడండి. ఆసుపత్రుల వీధి కాబట్టి అద్దె ఇరవై వేలు. సాయానికి పెట్టుకున్న జూనియర్ ఫిజియోకు పదిహేను వేలు. రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయికి తొమ్మిది వేలు. కరెంటు ఐదు వేలు. జెల్లు, మైనం, ఎలక్ట్రోడ్లు, దుప్పట్ల ఉతుకు, మిషన్ల రిపేరు అన్నీ కలిపి ఆరు వేలు. మిషన్ల కోసం బ్యాంకులో ఐదు లక్షలు తీసుకుంటే, పన్నెండు శాతం వడ్డీకి ఐదేళ్ల వాయిదా నెలకు 11,122 రూపాయలు. ఇంతవరకు 66,122. ఇంకా 43 వేలు మిగిలాయి కదా అనిపిస్తుంది.

మిగలవు. రోగుల్లో సగం మంది ఏదో ఒక డాక్టరు చీటీ మీద వచ్చినవాళ్లే అనుకుందాం. ఆ సగం మంది కట్టినదాంట్లో ముప్పై శాతం ‘రిఫరల్’ కింద వెనక్కి వెళ్లిపోతే, నెలకు 16,380 రూపాయలు. చేతికి మిగిలేది 26,698. నాలుగేళ్లు చదివి, ఆర్నెల్లు ఇంటర్న్‌షిప్ చేసి, అప్పు నెత్తిన పెట్టుకుని, పొద్దున్న తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా నిలబడే మనిషికి మిగిలేది అంతే.

అదీ రోజుకు పద్నాలుగు మంది వచ్చే క్లినిక్ సంగతి. తెరిచిన మొదటి ఏడాది ఆరుగురు వస్తే గొప్ప. ఆరుగురైతే వచ్చేది 46,800. జూనియర్‌ను పెట్టుకోకపోయినా, ఎవరికీ ఒక్క రూపాయి రిఫరల్ ఇవ్వకపోయినా, నెలకు నాలుగు వేల పైచిలుకు ఎదురు పెట్టుకోవాలి. క్లినిక్ నిలదొక్కుకునేదాకా ఇల్లు ఎలా గడుస్తుందన్న ప్రశ్నకు చాలామంది దగ్గర ఒకటే జవాబు: ఇంట్లో ఇంకొకరి జీతం ఉండాలి. అది లేనివాళ్లు క్లినిక్ పెట్టలేరు. పెట్టినా రెండో సంవత్సరం బోర్డు దిగిపోతుంది.

రోగుల రాకకు ఋతువులున్నాయని ఆమె చెప్పేదాకా నాకు తెలియదు. కృష్ణా డెల్టాలో నాట్లు మొదలయ్యాయంటే చుట్టుపక్కల ఊళ్లనుంచి ఎవరూ రారు. నడుము విరిగిపోతున్నా రారు, కూలి పోతుంది కదా. నాట్లయ్యాక ఒక్కసారిగా వస్తారు. అప్పుడు బల్లలు చాలవు. సంక్రాంతికి పది రోజుల ముందునుంచీ గది ఖాళీ. అద్దెకు మాత్రం పండగ సెలవులుండవు.

పది సిట్టింగులు అవసరమని చెబితే నాలుగింటికి నొప్పి తగ్గగానే మానేసేవాళ్లు మరో బాపతు. ఆర్నెల్లకు అదే నొప్పితో తిరిగొచ్చి, “మీ దగ్గర తగ్గలేదండీ” అంటారు. క్లినిక్‌కు రాబడీ పోయింది, పేరూ పోయింది.

‘కరెంటు పెడతారా?’

మన ఊళ్లలో ఫిజియోథెరపీకి ఇంకో పేరు ‘కరెంటు పెట్టించుకోవడం’. గుమ్మం దగ్గర నిలబడి రోగి అడిగే మొదటి మాట అదే. ఐఎఫ్‌టీ, టెన్స్, అల్ట్రాసౌండ్, షార్ట్‌వేవ్ ఇవన్నీ వాళ్ల భాషలో కరెంటే. ఏదో ఒక మిషను ఒంటికి తగిలించి, మీట నొక్కితే చిమచిమలాడితేనే వైద్యం జరిగినట్టు. వ్యాయామం నేర్పించి ఇంటికి పంపితే, “ఏమీ చెయ్యలేదు, కాలూ చెయ్యీ ఆడించమంది, దానికి మూడొందలా!” అని వీధంతా చెబుతారు.

శాస్త్రం చెప్పేది దాదాపు దీనికి తలకిందులు. బ్రిటన్‌లో చికిత్సా మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2016లో నడుము నొప్పికి అల్ట్రాసౌండ్, టెన్స్, ఇంటర్‌ఫెరెన్షియల్ థెరపీ (ఐఎఫ్‌టీ) ఇవ్వొద్దని చెప్పింది. వ్యాయామం చేయించమంది. మోకాళ్ల అరుగుదలకూ ముందు వరుసలో ఉండేది వ్యాయామమే. అంటే తన చదువు ఎక్కువ మేలు చేస్తుందని చెప్పిన పనికి డబ్బు అడగలేక, తక్కువ మేలు చేసే మిషన్ల కోసం అప్పు చేసి, ఆ అప్పు తీర్చడానికి అందరికీ కరెంటు పెట్టాల్సిన పరిస్థితి. నెలనెలా కడుతున్న 11,122లో మిషన్ల ఖరీదు కన్నా మన నమ్మకం ఖరీదే ఎక్కువ. ఈ వృత్తికి జరుగుతున్న అన్యాయాల్లో నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది ఇదే. దీన్ని చక్కదిద్దడానికి ప్రభుత్వమూ అక్కర్లేదు, చట్టమూ అక్కర్లేదు. రోగులం మనం మారితే చాలు.

పన్నుల విషయంలోనూ ఒక చిక్కు ఉంది. రోగికి చేసే వైద్యసేవ మీద జీఎస్టీ లేదు, అది 2017 నుంచీ ఉన్న మినహాయింపు. మంచిదే. కానీ సేవ మీద పన్ను లేదు కాబట్టి, మిషను కొన్నప్పుడు తాను కట్టిన పన్నును థెరపిస్టు వెనక్కి తెచ్చుకోవడానికి వీల్లేదు. అద్దె మీద జీఎస్టీ పడితే అదీ అంతే. పూర్తిగా నెత్తిన వేసుకోవాల్సిందే. 2025 సెప్టెంబరు 22 నుంచి చాలా వైద్య పరికరాల మీద జీఎస్టీని ఐదు శాతానికి తగ్గించారు. కొత్తగా పెట్టేవాళ్లకు కొంత ఊరట. అప్పటికే కొనేసినవాళ్లకు ఏమీ లేదు.

ఆ ముప్పై శాతం

రిఫరల్ గురించి మాట్లాడటానికి ఎవరూ ఇష్టపడరు. ఫోన్‌లో అసలు మాట్లాడరు. ఎదురుగా కూర్చున్నా గొంతు తగ్గిస్తారు. ఎముకల డాక్టరు గారి దగ్గర్నుంచీ, పల్లెల్లో ఆర్‌ఎంపీ దాకా, రోగిని పంపినవారికి వాటా ముట్టజెప్పాలి. ముట్టజెప్పకపోతే వచ్చే నెల నుంచి చీటీ మీద పక్క వీధి క్లినిక్ పేరుంటుంది.

ఇది రివాజు కాదు, తప్పు. రోగిని పంపినందుకు కమీషన్ తీసుకోవడం, ఇవ్వడం కూడదని 2002లో వచ్చిన భారతీయ వైద్య మండలి నైతిక నియమావళి స్పష్టంగా చెబుతోంది. ఆ పుస్తకం ప్రతి డాక్టరూ చదివిందే. మన లెక్కలో ఆ 16,380 రూపాయలు ఎటూ పోకుండా ఉంటే, మిగులు ఇరవై ఆరు వేల నుంచి నలభై మూడు వేలకు పెరుగుతుంది. అంటే క్లినిక్ బతకడానికి, బతికీ బతకనట్టుండటానికి ఉన్న తేడా అంతా ఆ వాటాలోనే ఉంది. వాటా ఇవ్వనని గట్టిగా నిలబడ్డవాళ్లు లేకపోలేదు. తగ్గిన రోగి ఇంకో రోగిని తీసుకొచ్చేదాకా రెండేళ్లు, మూడేళ్లు కాచుకోగలిగినవాళ్లు వాళ్లు. అంత ఓపిక ఉండాలంటే వెనక కాస్త ఆస్తి ఉండాలి.

ఉద్యోగమైతే మేలా?

మరి క్లినిక్ ఎందుకు, హాయిగా ఆసుపత్రిలో చేరొచ్చు కదా? చాలామంది అక్కడే మొదలుపెడతారు. కొత్తగా ఫిజియోథెరపీ డిగ్రీ బీపీటీ పూర్తిచేసి ప్రైవేటు ఆసుపత్రుల్లో చేరినవాళ్లలో నాతో మాట్లాడినవారు చెప్పిన జీతాలు పదిహేను నుంచి ఇరవై వేల మధ్య. హైదరాబాద్‌లో హాస్టల్ ఖర్చు, బస్సు చార్జీలు పోగా ఇంటికి పంపడానికి ఏముంటుందో మీరే ఊహించుకోండి.

ఇంకో మెలిక. కొన్నిచోట్ల ఉద్యోగి అనరు, ‘కన్సల్టెంట్’ అంటారు. వినడానికి పెద్ద హోదా. జీతం బదులు ప్రొఫెషనల్ ఫీజు, దాంట్లోంచి పది శాతం టీడీఎస్ కోత. ఉద్యోగి కాదు కాబట్టి పీఎఫ్ లేదు, గ్రాట్యుటీ లేదు. 21 వేల లోపు జీతగాళ్లకు దక్కాల్సిన ఈఎస్‌ఐ కూడా లేదు. రోజుకు ఇరవై మంది రోగుల్ని లేపి నడిపించే మనిషికి రేపు తన నడుము పట్టేస్తే చూపించుకోవడానికి కార్డు ఉండదు. చేతి బొటనవేళ్లు, మణికట్లు, నడుము ఈ వృత్తిలో ముందు అరిగేవి ఇవే.

సర్కారు కొలువు దొరికితే కథ వేరు. రైల్వేలో ఫిజియోథెరపిస్టు, డయాలసిస్ టెక్నీషియన్ పోస్టులకు ఏడో వేతన సంఘం ప్రకారం మూలవేతనం 35,400 రూపాయలు, రేడియోగ్రాఫర్‌కు 29,200, ఈసీజీ టెక్నీషియన్‌కు 25,500. ఆపైన కరువు భత్యం, ఇంటద్దె, రైలు పాసు. అయితే 2024లో రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డులు పారామెడికల్ పోస్టులకు ఇచ్చిన ప్రకటనలో దేశం మొత్తానికి ఉన్నవి 1,376. అందులో నర్సింగ్ సూపరింటెండెంట్లే 713. ఫిజియోథెరపిస్టులు ఇరవై మంది. డయాలసిస్ టెక్నీషియన్లు ఇరవై మంది. ఆప్టోమెట్రిస్టులు నలుగురు. కాశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా నలుగురు.

క్యాథ్‌ల్యాబ్, అనస్తీషియా, డయాలసిస్ టెక్నీషియన్లకు సొంత క్లినిక్ అన్న దారే లేదు. ఆసుపత్రి ఎంతిస్తే అంత. ఆప్టోమెట్రిస్టుకు కళ్లజోళ్ల షాపు ఉంది, ఆడియాలజిస్టుకు వినికిడి మిషన్ల అమ్మకం ఉంది. పరీక్షకు పెద్దగా ఏమీ రాకపోయినా ఫ్రేము మీదో, మిషను మీదో నాలుగు రాళ్లు మిగులుతాయి. ఫిజియోథెరపిస్టు అమ్మడానికి వస్తువేమీ లేదు. ఉన్నవి రెండు చేతులు, రోజుకు కొన్ని గంటలు. పద్నాలుగు మందికి మనిషికి పాతిక నిమిషాలు చేత్తో పనిచేస్తేనే దాదాపు ఆరు గంటలు. ఇంకా సంపాదించాలంటే ఒక్కొక్కరికి ఇచ్చే సమయం తగ్గించాలి. తగ్గిస్తే వైద్యం పోతుంది. ఈ వృత్తి ఆదాయానికి ఉన్న పైకప్పు అదే, ఎంత తెలివైనవాడికైనా తల తగులుతుంది.

ఇక ల్యాబుల సంగతి. ల్యాబు టెక్నీషియన్ డిప్లొమా డీఎంఎల్‌టీ చదివి సొంత ల్యాబు పెట్టుకున్నవాళ్లు మన పట్టణాల్లో వీధికొకరు కనిపించేవారు. 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు, ల్యాబు రిపోర్టు మీద పాథాలజీలో పీజీ చేసిన రిజిస్టర్డ్ డాక్టరు సంతకం ఉండాలంది. రోగికి అది రక్షణే, నేను కాదనను. కానీ చిన్న ల్యాబుకు అది నెలనెలా ఒక కొత్త ఖర్చు. ఇటు చూస్తే ఊరూరా గొలుసు ల్యాబుల కలెక్షన్ సెంటర్లు. తెలంగాణలో 2018లో మొదలైన ప్రభుత్వ డయాగ్నస్టిక్స్ పథకంలో పేదలకు పరీక్షలు ఉచితం. పేదవాడికి మేలు జరిగింది, జరగాలి కూడా. ఆ నడుమ సొంత ల్యాబు టెక్నీషియన్ నలిగిపోయి, చివరికి అదే గొలుసు ల్యాబుకు రక్తం సేకరించే మనిషిగా చేరాడు.

బైకు మీద క్లినిక్

ఇవన్నీ చూసి అద్దె గదికి దండం పెట్టి, ఇళ్లకు వెళ్లి వైద్యం చేసేవాళ్లు బాగా పెరిగారు. లెక్కలో ఇది మెరుగే. ఇంటికొస్తే ఐదొందలు, రోజుకు ఆరిళ్లు అనుకుంటే నెలకు 78 వేలు. పెట్రోలు, బైకు సర్వీసు పోయినా చిన్న క్లినిక్ కన్నా ఎక్కువే మిగులుతుంది. ముఖ్యంగా పక్షవాతం వచ్చి మంచం పట్టినవాళ్లకు ఇది వరం. మెట్లు దిగలేని మనిషిని క్లినిక్‌కు ఎలా తీసుకొస్తారు?

కానీ తాను జ్వరం పడితే ఆ వారం సున్నా. వానొస్తే సున్నా. ఆడపిల్లలకైతే ముక్కూ మొహం తెలియని ఇంటికి, రాత్రి ఎనిమిదింటికి ఒంటరిగా వెళ్లాలా వద్దా అన్నది రోజూ వేసుకోవాల్సిన ప్రశ్న. సాయంత్రం ఆరు తర్వాత వెళ్లకూడదని నియమం పెట్టుకున్న అమ్మాయి ఆదాయం, అలాంటి నియమం అక్కర్లేని అబ్బాయి ఆదాయంతో ఎన్నటికీ సమానం కాదు. బీపీటీ తరగతుల్లో అమ్మాయిలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. కాబట్టి ఇది ఎవరో ఒకరి కష్టం కాదు.

ఆరోగ్యశ్రీ, బీమా ఏమైనా ఆదుకుంటాయా అంటే, ఆపరేషన్ దాకా ఆదుకుంటాయి. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక నెలల తరబడి చేయించుకోవాల్సిన ఫిజియోథెరపీ చాలా పాలసీల్లో పూర్తిగా ఉండదు. లక్షల రూపాయల ఆపరేషన్‌కు ప్రభుత్వమో బీమా కంపెనీయో కడుతుంది. ఆ ఆపరేషన్ ఫలితం దక్కాలంటే కావలసిన మూడొందలు మాత్రం రోగి జేబులోంచే రావాలి. పేదవాడు అక్కడే ఆగిపోతాడు. థెరపిస్టు ఆదాయమూ అక్కడే ఆగిపోతుంది.

సముద్రం అవతల

అమెరికా మాట రాకుండా మన ఇళ్లలో ఏ చదువు గురించీ మాట్లాడుకోం. అక్కడి కార్మిక గణాంకాల సంస్థ 2024 మే లెక్కల ప్రకారం ఫిజికల్ థెరపిస్టుల మధ్యస్థ వార్షిక ఆదాయం 1,01,020 డాలర్లు. నర్సులతో పాటు ఈ వృత్తినీ అక్కడ కొరత ఉన్న ‘షెడ్యూల్ ఏ’ జాబితాలో పెట్టారు. అంకె నిజమే. దారి మాత్రం కన్సల్టెన్సీ బ్రోచర్లో ఉన్నంత నున్నగా లేదు. అక్కడ ఇప్పుడు చదువంటే డాక్టరేట్ స్థాయి డీపీటీ. మన డిగ్రీని వాళ్ల కొలతలతో తూచి చూపించాలి, తక్కువ పడితే మళ్లీ కోర్సులు చదవాలి, లైసెన్సు కోసం ఎన్‌పీటీఈ పరీక్ష గట్టెక్కాలి. పైగా కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుమంటూ 2025 సెప్టెంబరులో ప్రకటన వెలువడింది. అప్పు చేసి ఆ దారి పట్టేముందు ఇంటిల్లిపాదీ కూర్చుని ఈ సంగతులన్నీ మాట్లాడుకోవాలి.

చట్టం వచ్చింది, మరి?

2021లో పార్లమెంటు అనుబంధ వైద్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం చేసింది. యాభైకి పైగా వృత్తులను పది వర్గాలుగా విడదీసి, ఎవరు ఎన్ని గంటలు చదవాలో చెప్పింది. అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే కనీసం 2,000 గంటలు, ఫిజియోథెరపిస్టు లాంటి హెల్త్‌కేర్ ప్రొఫెషనల్‌కు కనీసం 3,600 గంటలు. అమలు నత్తనడక నడుస్తోందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు గడువు పెట్టాల్సి వచ్చింది. రాష్ట్రాల కౌన్సిళ్లు నిజంగా పనిచేస్తే జరిగే పెద్ద మేలు ఒకటుంది. రెండు మిషన్లు కొని, ఆర్నెల్ల సర్టిఫికెట్‌తో ‘ఫిజియోథెరపీ’ బోర్డు పెట్టి నూట యాభైకి సిట్టింగ్ ఇచ్చేవాళ్లను అడిగేవాళ్లుంటారు. చదువుకున్నవాడి రేటును కిందికి లాగుతున్నది ఆ బోర్డే.

2025 సెప్టెంబరులో ఫిజియోథెరపిస్టులు పేరు ముందు డాక్టరని రాసుకోవచ్చా అన్న దాని మీద పెద్ద రగడ జరిగింది. కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ ఒకరోజు వద్దంది, మర్నాడు ఆ లేఖను వెనక్కి తీసుకుంది. టీవీల్లో చర్చలు నడిచాయి. బోర్డు మీద రెండక్షరాల గురించి అంత మాట్లాడినవాళ్లు, ఆ బోర్డు కింద కూర్చున్న మనిషికి నెలకు ఎంత మిగులుతోందో అడగలేదు.

ఇంటర్ బైపీసీ అయి, ఎంబీబీఎస్ సీటు రాక, బీపీటీయో ఇంకో అనుబంధ కోర్సో చేద్దామనుకుంటున్న పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. చదువు మంచిది, వృత్తి అంతకన్నా మంచిది. కానీ చేర్పించేముందు కాలేజీ బిల్డింగు చూడకండి. ఆ కాలేజీకి సొంత ఆసుపత్రి ఉందా, ఇంటర్న్‌షిప్‌లో స్టయిపెండ్ ఇస్తారా, మూడేళ్ల కిందట బయటికొచ్చిన పిల్లలు ఇప్పుడు ఎక్కడ, ఎంతకు పనిచేస్తున్నారు అని అడగండి. మీ ఊళ్లో ఏదైనా చిన్న క్లినిక్‌కు వెళ్లి, ఒక సాయంత్రం కూర్చుని చూడండి.

మా అమ్మ మోకాలు ఇప్పుడు నూట పదిహేను డిగ్రీలు వంగుతోంది. మెట్లెక్కి డాబా మీద వడియాలు పెడుతోంది. మీ ఇంట్లోనూ ఎవరికో ఒకరికి ఈ చేతుల అవసరం పడుతుంది. అప్పుడు బేరమాడకండి. కరెంటు పెట్టమని పట్టుబట్టకండి. చెప్పినన్ని సిట్టింగులూ పూర్తిచేయించుకోండి. డబ్బు ఏరోజుకారోజు ఇచ్చెయ్యండి.